గువ్వలమిట్ట తపాలా మేక

తిరుపతిలో యూనివర్సిటీ ఎదుటి సందులో మునికృష్ణకు ఒక జిరాక్స్ షాపు ఉంది. పరిశోధక విద్యార్థులు తెచ్చే లావుపాటి థీసిస్‌లను కాపీలు తీసి, బైండింగ్ చేసి ఇవ్వడం పాతికేళ్లుగా అతని పని. చేతులు కాగితాలు తిప్పుతూ ఉంటే కళ్లు ఊరికే ఉండవు కాబట్టి చదివేవాడు. మిషను వేగానికి పేజీకి రెండు మూడు వాక్యాలకు మించి అందేవి కావు. అందుకే అతనికి లోకంలో ప్రతి విషయమూ కొంత తెలుసు, ఏ విషయమూ చివరిదాకా తెలియదు. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని తెలుసు. మూడెందుకో తెలియదు. ఆ పేజీ తిప్పేసరికి కరెంటు పోయింది.

ఇంట్లో ఈ విజ్ఞానానికి గిరాకీ లేదు. అన్నం తింటూ, "ఒంటె మూపురంలో ఉండేది నీళ్లు కాదు తెల్సునా, కొవ్వు" అంటే, భార్య నిర్మలమ్మ "మజ్జిగ పోసేదా?" అని అడిగేది. శుక్రగ్రహం మీద ఒక రోజు అక్కడి ఏడాది కంటే పెద్దదని చెబితే, "అయితే ఆడ కరెంటు బిల్లు ఎట్ల కడతారో" అని లేచి గిన్నెలు తీసుకుపోయేది. ఆమె ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అంతకు మించి ఆసక్తి లేదు.

ఆ విజ్ఞానానికి మొదట గిరాకీ తెచ్చినవాడు బారు యజమాని చెంగల్రాయుడు. లైసెన్సు కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చి, అవి మిషనులో తిరుగుతున్నంత సేపూ మునికృష్ణ చెప్పినవన్నీ నోరు తెరుచుకుని విన్నాడు. అరటిపండు శాస్త్రం లెక్కన బెర్రీ అనీ, స్ట్రాబెర్రీ మాత్రం బెర్రీ కాదనీ తెలిసినప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా, నువ్వు శనివారం సాయంత్రం ఖాళీగా ఉంటావా?" అన్నాడు. "శనివారమొచ్చిందంటే మన ఊర్లో రోజూ తాగేటోడు కూడా నామం పెట్టుకుంటాడు. నా బార్లో ఈగలు కూడా ఉండవు. బెంగళూరులో మా అల్లుడు ఒక పబ్బుకు పిల్చకపోయినాడు. ఆడ ఒకడు మైకు పట్టుకోని ప్రశ్నలడగతా ఉంటే, జనం గుంపులు గుంపులుగా కూసోని పరీక్ష రాస్తా ఉండారు. దుడ్లిచ్చి పరీక్ష రాస్తారప్పా ఆడ. మనం ఈడ పెడదాం."

"శనివారం తాగరంటివి గదా?"

"తాగకపోతే పోనీ. నిమ్మకాయ సోడా తాగతారు, బజ్జీలు తింటారు. ఫ్యాన్లు ఊరకే తిరిగే దానికంటే అది మేలు."

అలా మొదలైంది. శనివారం వచ్చిందంటే కౌంటరు వెనుక సీసాల వరుస మీద పసుపు గుడ్డ కప్పేవారు. వాకిలి దగ్గర నీలం బల్బుల కింద బోర్డు పెట్టారు: "పబ్ క్విజ్. మద్యం లేదు, మాంసం లేదు, మతి ఉంటే చాలు." సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఇరవై ప్రశ్నలు. గెలిచిన జట్టుకు ఆదివారం వచ్చి తినిపోవడానికి నాలుగు బిర్యానీ కూపన్లు.

మొదటి వారం పదకొండు మంది వచ్చారు. నెల తిరిగేసరికి బల్లలు చాల్లేదు. మందుల కంపెనీ రెప్రజెంటేటివులు గిరిప్రసాద్ నాయకత్వంలో ఒక జట్టుగా వచ్చేవారు. రిటైరైన ఉద్యోగుల జట్టు ఒకటి. ఏ జవాబు చెప్పినా అది తమ సర్వీసులో వేరేగా ఉండేదని వాదించడం వాళ్లకు అలవాటు. స్టెల్లా అనే సైన్సు టీచరు మరో ముగ్గురు టీచర్లను వెంటబెట్టుకుని వచ్చేది. బారు వాకిలి తొక్కడానికి మొదట్లో వెనకాడి, పక్కనున్న 'ఫ్యామిలీ' తలుపులోంచి వచ్చేవాళ్లు. నాలుగో వారానికి ముందు తలుపులోంచే వచ్చి, ముందు బల్లే కావాలని అడిగారు.

మైకు పట్టుకోగానే మునికృష్ణ వేరే మనిషి అయ్యేవాడు. షాపులో "ఎన్ని కాపీలు?" తప్ప మాట్లాడని మనిషి, ఇక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకుని గొంతు సవరించుకుంటే అరవై మంది మాటలాపేవారు. పులికాటుకు వచ్చే రాజహంసలకు ఆ గులాబీ రంగు తిండి వల్ల వస్తుందని చెబితే "అబ్బో" అని తలలూపేవారు. వాంబాట్ అనే ఆస్ట్రేలియా జంతువు పెంటికలు నలుచదరంగా పాచికల్లా ఉంటాయని చెప్పిన రోజున రిటైరైన ఉద్యోగులు కూడా వాదించలేదు. వీధిలో వాళ్లు అతన్ని "క్విజ్ సార్" అనడం మొదలుపెట్టారు. స్టెల్లా ఒక్కతే నోటుబుక్కులో రాసుకుంటూ, "ఇది ఏ పుస్తకంలో ఉంది సార్?" అని అడిగేది. "ఒక థీసిస్‌లో చూసినా టీచరమ్మా" అనేవాడు. ఆమె థీసిస్ అని రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకునేది.

ఒక శనివారం ఇరవై ప్రశ్నలూ అయిపోయాక గిరిప్రసాద్ జట్టూ స్టెల్లా జట్టూ సమానంగా నిలిచాయి. అప్పటిదాకా ఎప్పుడూ అలా జరగలేదు. మునికృష్ణ జేబులో ఇరవై ఒకటో ప్రశ్న లేదు.

"టై బ్రేకర్ అడుగు సార్" అని వెనకనుంచి అరిచారు. చెంగల్రాయుడు కౌంటరు దగ్గరనుంచి కానీమన్నట్టు చేయి ఊపాడు. అరవై మంది చూస్తున్నారు. ఇంకొక ప్రశ్న తెలియదని, వచ్చే వారం చూద్దామని అంటే సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు. క్విజ్ సార్‌కు ప్రశ్న లేకపోవడమేమిటన్న సిగ్గు ముందుకొచ్చి నిలబడింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, మన జిల్లాలో ఒక ఊరి పోస్టాఫీసులో జీతానికి పని చేసిన జంతువు ఏది?"

ఏదో ఒక జట్టు నోట ఏదో ఒకటి వస్తుంది, దాన్నే ఒప్పుకుందామనుకున్నాడు. గిరిప్రసాద్ "గాడిద" అన్నాడు. అదే క్షణంలో స్టెల్లా "గుర్రం" అంది. ఎవరికిచ్చినా రెండో బల్ల ఊరుకోదు. ఇద్దరికీ పనికిరానిది ఒకటి కావాలి.

"మేక" అన్నాడు మునికృష్ణ.

హాలంతా చప్పట్లు మోగాయి. బెదరకుండా ముందుకు పోయాడు. కొండ మీది ఊళ్లకు దారి లేదనీ, మెడలో సంచీ కట్టిన మేక ఒక్కటే ఎక్కిపోయి ఉత్తరాలు అందించేదనీ, జీతం నెలకు బస్తా ఉలవలనీ చెప్పాడు. చెబుతూ ఉంటే తనకే ఆ మేక కనబడసాగింది.

"ఏ ఊరు సార్?" అంది స్టెల్లా, పెన్ను పట్టుకుని.

వెంటనే నోటికొచ్చిన ఊరు ఒక్కటే. "గువ్వలమిట్ట" అన్నాడు. అది పాకాల దారిలో ఉన్న అతని అత్తగారి ఊరు.

బిర్యానీ కూపన్లు రెండు జట్లకూ చెరి రెండు పంచారు. అంతటితో అయిపోయిందనుకుని మునికృష్ణ ఇంటికి పోయి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున కాఫీ తాగే వేళకు నిర్మలమ్మ ఫోను మోగింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉంది. గిరిప్రసాద్ ఆ మేక కథను తన వాట్సాప్ గుంపులన్నిటికీ పంపాడు. పంపేటప్పుడు ఊరికే పంపడం ఎందుకని ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పాత మేక ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి జత చేశాడు. సాయంత్రానికి ఎవరో దానికి "మన పూర్వీకుల మేధస్సు, పాఠ్యపుస్తకాల్లో దాచిన చరిత్ర" అని శీర్షిక పెట్టారు. రెండు రోజుల్లో ఆ మేక వరదలో ఈదింది. వారానికి తెల్లదొరకు సలాం కొట్టడానికి నిరాకరించి ఉద్యోగం పోగొట్టుకుంది.

నిర్మలమ్మ తీరు కూడా మారింది. మార్కెట్లో కలిసిన వాళ్లకు, "మాది ఆ మేక ఊరే" అని చెబుతోంది. అన్నం తినేటప్పుడు మొదటిసారి మొగుడి ఎదుట కూర్చుని, "ఇంకేమన్నా ఉంటే చెప్పు" అంది. ఇరవై రెండేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూసిన మునికృష్ణ పళ్లెంలోకి చూస్తూ అన్నం కలిపాడు.

ఆమె తమ్ముడు నరేంద్ర గువ్వలమిట్టలోనే ఉంటూ, పంటకంటే పార్టీ పనులు ఎక్కువ చూసుకునే మనిషి. వచ్చే ఎన్నికల్లో సర్పంచ్ పదవికి నిలబడాలని అతని కోరిక. పది రోజుల తర్వాత మోటారుసైకిలు మీద జిరాక్స్ షాపుకు వచ్చాడు.

"బావా, ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్లు కడుపులో పెట్టుకోని ఎట్ల ఉండినావు?" అన్నాడు. "విగ్రహం పెడతా ఉండాం. ఎమ్మెల్యే ఒప్పుకున్నాడు. ఆయన కారు మన ఊరి గుంతల్లో దిగితే మళ్లీ లేవదని ఎవరో చెప్పినారంట, రోడ్డు కూడా మంజూరు చేసినాడు. పదిహేడేండ్లుగా అర్జీలు పెట్టినాం బావా ఆ రోడ్డు కోసరం. కాన్పుకొచ్చిన ఆడోళ్లని మంచం మీద మోసుకోని పోయినాం, ఫోటోలు తీసి చూపించినాం. ఎవురూ తిరిగి చూడలే. మేక పేరు చెప్తానే మిషన్లు దిగినాయి."

మునికృష్ణ నిజం చెబుదామని నోరు తెరిచాడు. ఎదుట విద్యార్థులు నలుగురు కాపీల కోసం నిలబడి ఉన్నారు. "మంచిది" అన్నాడు.

ఆ రాత్రి భోజనాలప్పుడు మాత్రం ఆగలేకపోయాడు. "నిర్మలా, ఆ మేక అబద్ధం. ప్రశ్న లేక నేనే పుట్టించినా."

నిర్మలమ్మ పులుసు వడ్డించడం ఆపలేదు. "తెల్సు."

"తెల్సా?"

"మా ఊర్లో ఈ పొద్దుకూ పోస్టాఫీసు లేదు కదయ్యా. లేని పోస్టాఫీసులో మేకకెవరిస్తారు ఉద్యోగం? ఊర్లో వాళ్లందరికీ తెల్సు."

"మరి నాతో ఒక మాట అనవేం?"

"ఇరవై రెండేండ్లుగా నువ్వు చెప్పిందంతా నిజమే. ఒంటె, శుక్రగ్రహం, అన్నీ నిజమే. దేనికన్నా పనికొచ్చిందా? ఈ ఒక్కటి అబద్ధం చెప్పినావు, మా ఊరికి రోడ్డొచ్చింది. ఇప్పుడు పోయి కాదని చెప్పి చెడగొట్టొద్దు."

పెళ్లైనప్పటినుంచి భార్య తన మాటలు వినడం లేదనే అతను అనుకుంటూ వచ్చాడు. అన్నీ విన్నదనీ, విని తూకం వేసిందనీ అప్పుడు తెలిసింది. అది సంతోషపడాల్సిన విషయమో కాదో తేల్చుకోలేక మజ్జిగ అడిగాడు.

విగ్రహావిష్కరణకు మునికృష్ణను చరిత్రకారుడి హోదాలో పిలిచారు. కొత్త రోడ్డు నున్నగా, నల్లగా, ఇంకా వేడి తగ్గని తారు వాసనతో ఉంది. మెయిన్ రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు పోయి విగ్రహం దగ్గర ఆగింది. ఆగిందంటే నిజంగానే ఆగింది. ఊరు అక్కడినుంచి ఇంకా మూడు వందల గజాలుంది. ఆ మూడు వందల గజాలూ ఎప్పటిలాగే గుంతలు, రాళ్లు. ఎమ్మెల్యే కారు విగ్రహం దాకా వస్తే చాలు కాబట్టి, కాంట్రాక్టరు లెక్క సరిగానే వేసుకున్నాడు.

విగ్రహం మీది గుడ్డ తీశారు. దాన్ని చేసిన శిల్పి గుళ్లకు నందులు చేసే మనిషి. పది రోజుల్లో కావాలంటే కొత్తగా చెక్కడం కుదరక, తయారుగా ఉన్న నందికి మూపురం అరగదీసి గడ్డం పెట్టాడు. మెడలోని గంటల మాల మీదే తపాలా సంచీ కట్టాడు. కాళ్లు ముడుచుకుని ప్రశాంతంగా కూర్చున్న ఆ మేకను చూసి కొందరు ఆడవాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు.

ఎమ్మెల్యే మాట్లాడాక మైకు కుప్పుస్వామికి ఇచ్చారు. ఊర్లో అందరికంటే పెద్దవాడు ఆయనే. తొంభై రెండేళ్లని పరిచయం చేశారు.

"నేను ఆరేండ్ల పిల్లోడిగా ఉండంగా చూసినా" అన్నాడు కుప్పుస్వామి నిబ్బరంగా. "తెల్ల మేక. ఎడమ చెవు నలుపు. మా నాయన చేతికి ఉత్తరమిచ్చి, జవాబు రాసేదాంక ఆడనే నిలబడేది. తొందర చేసేది కాదు. మర్యాదస్తురాలు."

మునికృష్ణ చెవి రంగు గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఆ వివరం ఎంత సహజంగా ఉందంటే, తను మరిచిపోయాడేమోనన్న అనుమానం కూడా ఒక్క నిమిషం కలిగింది.

భోజనాల దగ్గర ముసలాయన పక్కన చేరి, "తాతా, నిజంగా చూసినావా?" అని మెల్లగా అడిగాడు.

"నేను పుట్టింది నగరిలో నాయనా. ఈ ఊరికి ఇల్లటపు అల్లుడుగా వచ్చినా, డెబ్బైలలో" అన్నాడు కుప్పుస్వామి, వడ నమలడం ఆపకుండా. "ఆధార్ కార్డులో నాకు ఎనభై ఒకటే. అయినా ఆ రోడ్డు మీద నేను రాళ్లు తగిలి మూడుసార్లు పడినా. ఆ లెక్కన నేను చూసినట్లే."

ఇంటికి బయల్దేరే ముందు నరేంద్ర అతన్ని పక్కకు పిలిచాడు. "బావా, ఇంకొక్క పని. మేక కొట్టం ఊరి ఆ చివర, చింత తోపు కాడ ఉండేదని శనివారం క్విజ్‌లో ఒక ప్రశ్న అడుగు. రోడ్డు ఊరి మధ్యలోంచి ఆ చివరిదాంక పోతాది."

"నా వల్ల కాదు నరేంద్రా."

"మూడు వందల గజాలు బావా. ఒక్క ప్రశ్న."

మునికృష్ణ జవాబు చెప్పకుండా బస్సెక్కాడు. సమాధానం చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నాడనే నరేంద్ర అనుకున్నాడు.

రెండు వారాల తర్వాత ఒక సోమవారం మధ్యాహ్నం స్టెల్లా షాపుకు వచ్చింది. చేతిలో అట్టలు వేసిన ఒక ప్రాజెక్టు పుస్తకం ఉంది. మిషను పక్కన పెట్టి తెరిచింది. మొదటి పేజీలో రంగు పెన్సిళ్లతో మేక బొమ్మ. తెల్ల మేక, ఎడమ చెవి నలుపు.

"మా ఏడో తరగతి పిల్ల రూపశ్రీ చేసింది సార్. మన ప్రాంత చరిత్ర అని టాపిక్ ఇచ్చినా. ఈ పిల్ల ఎప్పుడూ పెద్దగా రాయదు. దీనికి మాత్రం పద్దెనిమిది పేజీలు రాసింది. మండల స్థాయి పోటీకి పంపమంటున్నారు." ఆమె పుస్తకాన్ని అతని వైపు తిప్పింది. "నేను గువ్వలమిట్టకు పోయి వచ్చినా. పాత తపాలా రికార్డుల జాబితా కూడా లైబ్రరీలో చూసినా. అందులో ఆ ఊరి పేరు ఎక్కడా లేదు. నా గుర్రం తప్పైపోయిందని కాదు సార్ నేను వచ్చింది. దీన్ని నేను దిద్దాలి. ఏం రాయమంటారు?"

మునికృష్ణ పేజీలు తిప్పాడు. ఈసారి మిషను వేగంతో కాదు, ఒక్కో వాక్యమూ చదివాడు. ఆరో పేజీలో ఆ పిల్ల రాసింది: "ఈ మేక ఎవ్వరూ చూడకపోయినా పని మానలేదు."

"తప్పని రాయండి టీచరమ్మా" అన్నాడు. "శనివారం నేనే అందరికీ చెప్తా."

శనివారం హాలు ఎన్నడూ లేనంత నిండింది. మేక పుట్టిన చోటు ఇదేనని చెంగల్రాయుడు ఫ్లెక్సీ కట్టించాడు. మునికృష్ణ మొదటి ప్రశ్న అడగకుండా మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ముందు ఒక మాట చెప్పాల. గువ్వలమిట్ట మేక అబద్ధం. అట్లాంటి మేక లేదు. ఆ ఊర్లో పోస్టాఫీసే లేదు. ఆ పొద్దు నా దగ్గర ప్రశ్న లేక నోటికొచ్చింది చెప్పినా. తప్పైపోయింది."

గిరిప్రసాద్ లేచాడు. "సార్, మీరు ఇప్పుడట్లంటే ఎట్ల? మా కంపెనీ మీటింగులో నిబద్ధత గురించి ఆ మేక మీదే అరగంట మాట్లాడినా. మా మేనేజరు ఏడ్చినాడు సార్."

రిటైరైన ఉద్యోగుల బల్ల నుంచి ఒకాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "పోస్టాఫీసు లేదంటే ఎట్ల? ఉండి ఎత్తేసి ఉంటారు. మా సర్వీసులో ఎన్ని ఎత్తేసినామో నాకు తెలీదా? ఆ మేక గురించి మా నాయన కూడా చెప్పేవాడు."

"మీ నాయన చెప్పే అవకాశం లేదు సార్" అన్నాడు మునికృష్ణ. "దాన్ని నేను మొన్న మొన్నే పుట్టించినా."

"అంటే మా నాయన అబద్ధాలకోరా?"

ఇంకొకాయన లేచి వచ్చి, మునికృష్ణ భుజం మీద చెయ్యి వేసి, మైకుకు వినబడకుండా అడిగాడు. "ఎవరన్నా బెదిరించినారా క్విజ్ సార్? అవతలి పార్టీ వాళ్లా? మేమున్నాం, ధైర్యంగా ఉండండి." మైకుకు వినబడింది. హాలంతా సానుభూతితో గుసగుసలాడింది. ఇంత గొప్ప చరిత్రను తొక్కేయడానికి ఎవరో పెద్దవాళ్లు పూనుకున్నారని రెండు నిమిషాల్లో తేలిపోయింది.

స్టెల్లా లేచి, లైబ్రరీలో చూసిన జాబితా గురించి చెప్పబోయింది. "మీ జట్టు ఓడిపోయింది కాబట్టి అంటా ఉండారు మేడమ్" అన్నాడు గిరిప్రసాద్.

సోడాలు వేడెక్కిపోతున్నాయని చెంగల్రాయుడికి దిగులు పట్టుకుంది. కౌంటరు మీద గరిటెతో కొట్టాడు. "ఈ రచ్చ యాడ తెగుతాదప్పా? ఓటు పెడదాం. మేక ఉండేదనే వాళ్లు చేతులెత్తండి."

హాలు హాలంతా చేతులెత్తింది. బజ్జీల పళ్లెం పట్టుకున్న సర్వరు కూడా ఎత్తాడు. లేదన్నవాళ్లు నలుగురే. స్టెల్లా, ఆమె పక్కనున్న హేమశ్రీ టీచరు, దారి తప్పి గది అడగడానికి వచ్చిన ఒక యాత్రికుడు, మునికృష్ణ. భారీ మెజారిటీతో మేక ఉండేదని తీర్మానమైంది. మునికృష్ణ మొదటి ప్రశ్న అడిగాడు.

అక్కడితో అతనికి ఆ మేక మీద ఏ హక్కూ లేకుండా పోయింది. నరేంద్ర అతని ప్రశ్న కోసం ఎదురుచూడలేదు. గిరిప్రసాద్‌కే ఫోను చేశాడు. వారం తిరగకుండా ఆ మేకకు ఒక జోడీ పుట్టింది. ఆ జోడీ ఉన్న కొట్టం చింత తోపు దగ్గర బయటపడింది. కుప్పుస్వామి దాన్ని కూడా చూసి ఉన్నాడు. రోడ్డు మిషన్లు మళ్లీ దిగి ఆ మూడు వందల గజాలూ పూర్తి చేశాయి. ఆ నెలలోనే నొప్పులొచ్చిన ఒక అమ్మాయి ఇంటి వాకిట్లోనే అంబులెన్సు ఎక్కింది. ఆ సంగతి నిర్మలమ్మ ఫోనులో విని, మొగుడికి చెప్పి, ఇంకేమీ అనకుండా లోపలికి పోయింది. తను ఒప్పుకోవడం తప్పో, మొదట చెప్పడం తప్పో ఆ రోజు మునికృష్ణకు తేలలేదు.

ఒక్కటి మాత్రం అతను వదలలేదు. ఓటింగు జరిగిన తర్వాతి సోమవారమే షాపు మూసి స్టెల్లా స్కూలుకు పోయాడు. రూపశ్రీని స్టాఫ్ రూముకు పిలిపించారు. రెండు జడలు వేసుకున్న సన్నటి పిల్ల. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని చూసి, ప్రాజెక్టుకు బహుమతి తెచ్చాడనుకుంది.

"పాపా, నువ్వు రాసిన మేక నిజం కాదు" అన్నాడు మునికృష్ణ. "నేను చెప్పిన అబద్ధమది. నీ తప్పేమీ లేదు."

పిల్ల మొహం చిన్నబోయింది. తన పుస్తకం వైపు, తర్వాత టీచరు వైపు చూసింది. ఏడుస్తుందేమోనని అతను భయపడ్డాడు. ఆమె ఏడవలేదు.

"ఎందుకు చెప్పినారు సార్?" అంది.

ఇన్ని రోజుల్లో ఇంతమంది మాట్లాడారు. పొగిడారు, సన్మానించారు, ఓటు వేశారు. ఎందుకు చెప్పావని మాత్రం ఎవరూ అడగలేదు. మునికృష్ణ కుర్చీ అంచుకు జరిగి, ఆ పిల్ల ఎత్తుకు తల వంచాడు.

"అందరూ నన్నే చూస్తా ఉండారు. నాకు తెలీదని చెప్పేదానికి సిగ్గేసింది."

"తెలీదని చెప్తే మా క్లాసులో నవ్వుతారు" అంది రూపశ్రీ, అతని ఇబ్బంది తనకు అర్థమైందన్నట్టు. తర్వాత ప్రాజెక్టు పుస్తకం తీసుకుని చివర్లో ఖాళీగా ఉన్న పేజీ తెరిచింది. "మీ పేరెట్ల రాయాల సార్? 'ముని'లో నికి గుడేనా, గుడి దీర్ఘమా?"

నిజం రాసిన ఆ పందొమ్మిదో పేజీతో కలిపే స్టెల్లా మార్కులు వేసింది. మండలం పోటీకి మాత్రం పంపలేదు. అక్కడ జడ్జీలు మేక వైపే ఉంటారని ఆమెకు తెలుసు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం స్టెల్లా షాపుకు వచ్చి అతని ప్రశ్నలు చూడటం మొదలుపెట్టింది. ఏ పుస్తకం, ఏ పేజీ అని అడుగుతుంది. దొరకని వాటి మీద ఎర్ర గీత పడుతుంది. మొదటి శుక్రవారం ఇరవైలో ఆరు పోయాయి. మూడు వాక్యాల దగ్గర ఆగిపోయిన విషయాలను మునికృష్ణ ఇప్పుడు లైబ్రరీకి పోయి చివరిదాకా చదవాల్సి వస్తోంది. ఆక్టోపస్ మూడు గుండెల్లో రెండు మొప్పలకు రక్తం పంపడానికే పని చేస్తాయని, మిగిలిన ఒళ్లంతా ఒక్కటే చూసుకుంటుందని అలా తెలిసింది. ఆ సంగతి ఇంట్లో చెబితే, "పాపం ఆ ఒక్కదానికే చాకిరీ అంతా" అంది నిర్మలమ్మ.

ఆరు ప్రశ్నలు పోయిన ఆ వారం, శనివారం పద్నాలుగు ప్రశ్నలకే పోటీ ముగిసింది. చివర్లో రిటైరైన ఉద్యోగి ఒకాయన లేచి, కొండ దారిలో అలిపిరి దగ్గర కనబడే ఒక రకం పక్షి పేరేమిటని అడిగాడు. మునికృష్ణ మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"నాకు తెలీదు సార్" అన్నాడు.

హాలు అసలు జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆ 'తెలీదు' కూడా ప్రశ్నలో భాగమేమోనని కొందరు దాన్నే కాగితం మీద రాసుకున్నారు.